పద్నాలుగో పాఠం కింద నా జవాబు

ఆగస్టు 11, సోమవారం

పద్నాలుగో పాఠం చూసినవాళ్ళు అరవై వేలు దాటారు. తాడేపల్లిగూడెం స్టేషన్లో రైలు కోసం నిలబడి ఆ అంకె చూసుకుని, నలభై ఆరేళ్ళదాన్ని, చిన్నపిల్లలా మురిసిపోయాను. పక్కావిడ ఏదో శుభవార్త అనుకుని నవ్వింది. నేనూ నవ్వాను.

రెండేళ్ళ కిందట ఈ పాఠాలు మొదలుపెడతానంటే "ఊరికే ఇచ్చేదానికి విలువేముంటుందండీ కనకరత్నం గారూ" అన్న ప్రిన్సిపాల్ సత్తిరాజు గారే ఇవాళ స్టాఫ్ మీటింగులో "మన ఆన్‌లైన్ పాఠాలు" అన్నారు. మన అట! కాలేజీ పెరట్లో సిమెంటు తొట్టి పక్కన ఎండలో నిలబడి వీపు మాడ్చుకున్నది నేను. కెమెరా పట్టుకున్నది కంప్యూటర్ లెక్చరర్ పృథ్వీ. చేపల పెంపకం మీద తెలుగులో ముప్ఫై పాఠాలు. ఎవరైనా చూడొచ్చు, దించుకోవచ్చు, ముక్కలు చేసి వాడుకోవచ్చు అని ప్రతిదాని కిందా రాయించింది కూడా నేనే. ఏలూరులో మా కాలేజీ గేటు దాటి రాలేనివాళ్ళకి కూడా పాఠం అందాలని అప్పుడు పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను.

29న కాలేజీని తనిఖీ చేయడానికి కమిటీ వస్తోంది. వాళ్ళకి చూపించే ఫైల్లో మొదటి పేజీ నా పాఠాలదే. పద్దెనిమిదేళ్ళ కాంట్రాక్టు ఉద్యోగం పర్మనెంటు అయ్యే దారి ఇదొక్కటే కనపడుతోంది. కమిటీ వెళ్ళాక మాట్లాడదామన్నారు సార్.

నాగదుర్గ నాలుగు రోజులుగా క్లాసుకి రావడంలేదు. ఆ పిల్ల లేకపోతే క్లాసులో ప్రశ్న అడిగేవాళ్ళే ఉండరు.

ఆగస్టు 13, బుధవారం

నాగదుర్గ మెసేజ్ పెట్టింది. "మేడమ్, మా చెరువులో చేపలు పోయాయి." అంతే. ఎందుకు పోయాయో రాయలేదు. "అయ్యో, ధైర్యంగా ఉండు" అని పంపాను. కొల్లేటికోటలో వాళ్ళ నాన్న లీజుకి చేసే చెరువు. ఈ కాలంలో చెరువులు పోవడం కొత్తేమీ కాదు. మబ్బు పట్టి గాలి ఆడక పోయి ఉంటాయి.

ఆగస్టు 14, గురువారం

మబ్బు కాదు.

వాళ్ళ నాన్న కొండయ్య ఫోన్ చేశాడు. అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని.

"మేడంగారండి, మిమ్మల్ని ఒక మాట అడుగుదామనండి. నీళ్ళు పచ్చబడిపోయాయని సున్నం వేశామండి. నేనెప్పుడూ తెల్లారగట్లే వేస్తానండి. మా పిల్ల మటుకు, కాదు నాన్నా, మేడమ్ ఎండలో వేశారు, వీడియోలో ఉంది, రెండింటికి వేద్దామందండి. సాయంత్రానికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచేశాయండి. తెల్లారేసరికి చెరువంతా తెల్లగా తేలిపోయాయండి. బొచ్చె చేపలండి, ముప్పావు కేజీకి వచ్చినవండి. మీరు అలాగే చెప్పారాండి?"

"నేను మధ్యాహ్నం వేయమని చెప్పలేదండీ కొండయ్య గారూ. పిల్ల సరిగా వినలేదేమో."

"అంతేనాండి" అన్నాడు. "అయితే మా పిల్లదే తప్పన్నమాట" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

సున్నం గురించిన ఆ పద్నాలుగో పాఠం మూడుసార్లు చూశాను. మధ్యాహ్నం అన్న మాట ఎక్కడా లేదు. చేత్తో సున్నం చల్లుతూ "ఇదిగో, ఇలా" అన్నాను. వెనక వరండాలో గోడ గడియారం కనపడుతోంది. రెండుంబావు. ప్రాక్టికల్ పీరియడ్ రెండింటికి ఇస్తే రెండింటికి కాక ఎప్పుడు తీస్తారు? గడియారం పాఠంలో భాగం కాదు.

ఆగస్టు 15

జెండా వందనం. నాగదుర్గ రాలేదు. పోయినేడు జెండా పాట ఆ పిల్లే పాడింది.

ఆగస్టు 18, సోమవారం

పద్నాలుగో పాఠం తీసేద్దామా అని పృథ్వీని అడిగాను. ఊరికే అడిగినట్టు అడిగాను.

"తీసేస్తే ఏం లాభం మేడమ్? ఇంకో నాలుగైదు చోట్ల కాపీలున్నాయి. మనమే కదా ఎవరైనా తీసుకోండి అన్నది" అని తన ఫోన్ చూపించాడు. చేపల మందుల కొట్టువాడెవడో నా ఇరవై రెండు నిమిషాల పాఠాన్ని రెండు నిమిషాలకి కోసి, పైన వాడి కొట్టు పేరు వేసుకుని, గ్రూపులన్నిటికీ పంపాడు. ముందు నీటి పరీక్ష చేయించాలని నేను చెప్పిన ముక్క ఎగిరిపోయింది. మిగిలింది నా చెయ్యి, సున్నం, ఎండ, "ఇదిగో, ఇలా."

ఒళ్ళు మండిపోయింది. వాణ్ణి తిట్టిన తిట్లు పృథ్వీ నా నోట ఎప్పుడూ విని ఉండడు. తిట్టాక కొంచెం తేలికపడింది కూడా. చూశారా, తప్పు చేసినవాడు దొరికాడు.

"మన పాఠం కింద కామెంట్లు చూశారా మేడమ్?" అన్నాడు పృథ్వీ.

చూశానన్నాను. చూడలేదు.

ఆగస్టు 19, మంగళవారం

కొండయ్య తమ్ముడట, కాలేజీకి వచ్చి సత్తిరాజు గారితో గొడవపడి వెళ్ళాడు. నన్ను పిలిపించారు. టేబుల్ మీద టైపు చేసిన కాగితం సిద్ధంగా ఉంది. "సదరు విద్యార్థిని పాఠాన్ని అపార్థం చేసుకున్నది. పాఠంలో దోషమేమియు లేదు."

"ఇక్కడొక సంతకం పెట్టండి కనకరత్నం గారూ. కమిటీ వచ్చే ముందు ఈ గోలెందుకు? కామెంట్లు మూయించేశాను. పిల్ల మీదేం చర్య తీసుకోంలెండి, పాపం."

పాపం అట! చర్య తీసుకోవడానికి ఆ పిల్ల ఏం చేసింది?

ఇంట్లో చదివి పెడతానన్నాను. కాగితం హ్యాండ్‌బ్యాగులో ఉంది. సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా చెప్పలేదు. పాఠంలో మధ్యాహ్నం అన్న మాట నిజంగానే లేదు కదా.

ఆగస్టు 20

కామెంట్లు వెతికాను. ఉంది. రేపు రాస్తాను.

ఆగస్టు 21, గురువారం

వాన. భీమడోలు దగ్గర రైలు అరగంట ఆగిపోయింది. క్యారేజీలో పప్పు ఒలికి కొత్త చీర పాడైంది. ఇంటికొచ్చాక మా ఆయన "మొహం అలా ఉందేం" అంటే తలనొప్పి అన్నాను. కాలేజీలో ఇంటర్నెట్ లేదు. అది మంచిదే అయింది.

ఆగస్టు 22, శుక్రవారం

రాస్తాను. నా పుస్తకమే కదా, ఇక్కడ కూడా రాయలేకపోతే ఎలా?

జూన్ 24న పద్నాలుగో పాఠం కింద నాగదుర్గ అడిగింది. "మేడమ్, మా నాన్న ఎప్పుడూ తెల్లారగానే సున్నం వేస్తారు. మీరు ఎండలో వేశారు. ఏ టైములో వేయాలి మేడమ్?"

దాని కింద నా జవాబు. "వీడియోలో చూపించిన విధంగానే పాటించండి. ధన్యవాదాలు."

ఆ రోజు అదే జవాబు నలభై మూడు మందికి ఇచ్చాను. కమిటీ ఫారంలో "అభ్యాసకుల సందేహాలకు ఇచ్చిన సమాధానాల సంఖ్య" అని ఒక గడి ఉంది. అది నింపాలి. భీమడోలుకీ పవర్‌పేటకీ మధ్య, రైల్లో, ఒక్క వాక్యం కాపీ చేసుకుని వరసగా అతికించుకుంటూ పోయాను. ఏ ఒక్క ప్రశ్నా చదవలేదు. చదివి ఉంటే? ఎండ ముదిరాక పచ్చనీళ్ళలో సున్నం వేస్తే అడుగున ఉన్న అమ్మోనియా విషమవుతుందని ప్రతి ఏడూ చివరి సంవత్సరం పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని నేనే. ఒక్క మాట రాస్తే చాలు. తెల్లారగట్ల. లెక్కపెడితే ఐదక్షరాలు.

ముప్ఫై ఏళ్ళుగా చెరువు చేస్తున్న మనిషి తన అలవాటు పక్కనపెట్టి, చదువుకున్న కూతురి మాట విన్నాడు. ఆ కూతురు ఊరికే వినలేదు. అడిగి మరీ నా మాట విన్నది. అలాంటి పిల్లని "సరిగా వినలేదేమో" అన్నాను.

నాగదుర్గ ఈ జవాబు సంగతి ఎవరికీ చెప్పినట్టు లేదు. చెప్పి ఉంటే కొండయ్య ఫోన్లో అడిగేవాడే.

జవాబు తీసేయడానికి రెండుసార్లు నొక్కితే చాలు. కామెంట్లు మూసేసినా అది మాత్రం నాకు కనపడుతూనే ఉంది.

తీసేశాను.

ఆగస్టు 23, శనివారం

సిగ్గుతో రాస్తున్నాను.

పదకొండింటికి ఆన్‌లైన్ లైవ్ క్లాసు. కమిటీకి రిహార్సలని సత్తిరాజు గారు కూడా లాగిన్ అయి కూర్చున్నారు. కెమెరాలో ఆయన నుదురు మాత్రమే కనపడుతోంది. పది నిమిషాలయ్యాక లిస్టులో నాగదుర్గ పేరు వచ్చింది. బొమ్మ లేదు, గొంతు లేదు. నాకు మాత్రమే కనపడేట్టు చాట్‌లో రాసింది. "మేడమ్, నన్ను కాలేజీ మానిపించేశారు. ఈ క్లాసు వినొచ్చా? ఎవరైనా వినొచ్చని రాశారు కదా."

వినమ్మా అని రాశాను.

అప్పుడే ఎవరో ఏసుకుమార్ అట, కొల్లేరు లంకల్లోంచే, అందరికీ కనపడేట్టు అడిగాడు. "మేడం, మా చెరువు కూడా పచ్చబడింది. రేపు ఆదివారం సున్నం వేస్తున్నాం. ఎంత ఎండ వచ్చాక వేయాలి?"

ఆ ప్రశ్న తెర మీద ఉంది. సార్ నుదురు కదిలింది. నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం. నా నోటి నుంచి వచ్చింది వేరే. "అది మన ఇవాళ్టి పాఠం కాదండీ, తర్వాత చూద్దాం."

క్లాసు అయ్యేసరికి అతను వెళ్ళిపోయాడు. నంబరు లేదు, ఏ లంకో తెలీదు. కామెంట్లు మూసేశాం, అక్కడ రాద్దామన్నా వీల్లేదు. ఇంకో చెరువు. రేపే. చివరికి తెగించి నాగదుర్గకే ఫోన్ చేశాను.

"ఆ ఏసుకుమార్ ఎవరో తెలుసా అమ్మా?"

"తెలుసు మేడమ్, పక్క లంకే. మీరు తర్వాత చూద్దామన్నారు కదా, నేను నంబరు కనుక్కుని చెప్పేశానండి. తెల్లారగట్ల వేయమన్నా. ముందు నీళ్ళు పరీక్ష చేయించమన్నా. కరెక్టేనా మేడమ్?"

"కరెక్టే" అన్నాను.

నా పని ఆ పిల్ల చేసింది. తప్పు మోస్తున్నదీ ఆ పిల్లే. రేపు కొల్లేటికోట వెళ్తాను.

ఆగస్టు 24, ఆదివారం

మొదటి బస్సుకి కైకలూరు, అక్కణ్ణించి ఆటో. రోడ్డుకి రెండుపక్కలా చెరువులే. గట్ల మీద సున్నం బస్తాలు ఎన్ని కనపడ్డాయో లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. ఈయన తోడొస్తానన్నారు, వద్దన్నాను.

కొండయ్య గట్టు మీద మేత సంచులు ఆరేస్తున్నాడు. నన్ను చూసి తువ్వాలు భుజం మీంచి తీశాడు. "మేడంగారా! అమ్మాయితో కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదండి" అన్నాడు. ఆ మర్యాదకి నాకు ఏడుపొచ్చింది. ఆయన భార్య దుర్గమ్మ పాకలోంచి కుర్చీ తెచ్చి వేసింది, కానీ నాతో మాట్లాడలేదు. నాగదుర్గ తల్లి వెనక నిలబడింది. పదిహేను రోజుల్లోనే చిక్కిపోయింది.

కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని భయం.

"కొండయ్య గారూ, ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను. మీ అమ్మాయి సరిగానే విన్నది. వీడియోలో నేను వేసింది మధ్యాహ్నమే. అంతేకాదు, ఏ టైములో వేయాలని తను నన్ను అడిగింది. నేను ప్రశ్న చదవకుండా, చూపించినట్టే చేయమని జవాబిచ్చాను. మొన్న ఆ జవాబు ఎవరికీ కనపడకుండా తీసేశాను కూడా. తప్పు నాది. మొత్తం నాది."

కొండయ్య నా వంక చూడలేదు. కూతురి వంక చూశాడు.

"అడిగావా?"

"అడిగాను నాన్నా."

"మరి చెప్పలేదేం? మీ చిన్నాన్న అన్ని మాటలంటుంటే నోరెత్తలేదేం?"

నాగదుర్గ పాకలోకి వెళ్ళి ప్రాక్టికల్ రికార్డు తెచ్చింది. అట్ట వేసి, పేరు రాసి, ఎంత శుభ్రంగా ఉందో. సున్నం ప్రయోగం పేజీ తీసింది. చివర గమనిక దగ్గర నీలం సిరాతో రాసి ఉంది. "సున్నం వేయవలసిన సమయం: వీడియోలో చూపించిన విధంగా, మధ్యాహ్నం 2.15. (మేడమ్ గారి జవాబు, జూన్ 24.)"

దాని కింద ఎర్ర సిరాతో టిక్కు. నా సంతకం. జూలై 19.

ఆ రోజు కూర్చున్నపాటున నలభై రికార్డులు సంతకం పెట్టాను. పేజీలు ఎవరో తిప్పుతుంటే నేను పెట్టుకుంటూ పోయాను. అంటే రెండుసార్లు అడిగింది ఆ పిల్ల నన్ను. రెండుసార్లూ చూడలేదు. ఫోన్లో జవాబు చెరిపేసి ఊపిరి పీల్చుకున్నాను గానీ, నా సంతకం ఈ పాకలో ఉంది.

"ఇది చూపిస్తే మీ ఉద్యోగం పోద్దేమోనని" అంది నాగదుర్గ, తల వంచుకుని. "మీకు పర్మనెంటు అవుద్దని క్లాసులో అందరూ అనుకుంటున్నారు మేడమ్."

దుర్గమ్మ మొదటిసారి నోరు తెరిచింది. "మా పిల్లకి మీ ఉద్యోగం గురించి దిగులుందండి మేడంగారూ. మీకు మా పిల్ల గురించి లేకపోయింది."

కాదని ఎలా అంటాను? 

కొండయ్య చెరువు వైపు తిరిగాడు. నీళ్ళ మీద ఒక్క చేప కదలడంలేదు. అటు చూస్తూనే అన్నాడు. "ముప్ఫై ఏళ్ళనించీ తెల్లారగట్లే వేస్తన్నానండి. ఎందుకూ అంటే చెప్పలేనండి, మా నాన్న వేసేవోడు. మా పిల్ల చదువుకుంది కదా, ఎందుకో దానికి తెలుసు కదా అని ఆగానండి. చేపలు మళ్ళీ పోసుకుంటామండి. ఇంట్లో ఆడపిల్లని చదివించి చెరువు ముంచుకున్నాడంటున్నారండి నన్ను. దానికేం చేస్తారు?"

"ఏం చేయమంటారు?"

"ఆ ఫోన్లో చెప్పండి. అందరూ చూసేదాంట్లో. ఇప్పుడు నాతో చెప్పినట్టే చెప్పండి."

చెప్పాను. గట్టు మీద నిలబడి, ఖాళీ చెరువు వెనక కనపడేట్టు. నాగదుర్గ ఫోన్ పట్టుకుంది. మొదటిసారి పేరు చెప్పి ఆగిపోయాను. రెండోసారి "పొరపాటు జరిగింది" అన్నాను. "జరిగింది కాదండి, చేశానండి అనండి" అన్నాడు కొండయ్య. మూడోసారి అలాగే అన్నాను. కనకరత్నం అనే నేను తప్పు చేశాను. సున్నం తెల్లవారుజామున వేయాలి, ముందు నీళ్ళు పరీక్ష చేయించాలి. ఎందుకో కూడా చెప్పాను. కొల్లేటికోట నాగదుర్గ సరైన ప్రశ్న అడిగింది, నేను చదవకుండా జవాబిచ్చాను. ఇది కూడా ఎవరైనా తీసుకోండి, ఎంతమందికైనా పంపండి, దయచేసి కోయకండి.

ఆరు నిమిషాలు. అక్కడే నిలబడి పెట్టేశాను. కొండయ్య తన గ్రూపుకి, తమ్ముడి గ్రూపుకి పంపాడు. పిల్లని ఎప్పుడు పంపుతారని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆగస్టు 25, సోమవారం

సత్తిరాజు గారి టేబుల్ మీద ఆయన కాగితం పెట్టాను. సంతకం లేకుండా.

"చూశాను మీ వీడియో" అన్నారు. "నాకొక మాట చెప్పి ఉండాల్సింది. నాలుగు రోజుల్లో కమిటీ పెట్టుకుని..."

"చెబితే వద్దంటారు కదండీ సార్."

"వద్దంటాను. ఒక్క మనిషి తప్పు ఒప్పుకుంటే కాలేజీ అంతా ఒప్పుకున్నట్టే. మీకది అర్థం కాదు." కోపంగా అనలేదు, అలసటగా అన్నారు. "ఫైల్లో మొదటి పేజీ మారుస్తున్నాం. మీ సంగతి... చూద్దాం."

చూద్దాం అంటే ఏమిటో పద్దెనిమిదేళ్ళుగా తెలుసు నాకు.

బయటికొచ్చి పృథ్వీతో కామెంట్లు తెరవమన్నాను. సార్ మూయమన్నారు కదా అన్నాడు. పాఠం నాది, తెరువన్నాను. తెరిచాడు. ఒక్కొక్క ప్రశ్నా చదువుతున్నాను. సాయంత్రానికి పదకొండు అయ్యాయి. ఆ రోజు రైల్లో నలభై మూడు, ఇవాళ పదకొండు.

ఆగస్టు 29, శుక్రవారం

కమిటీ వచ్చింది, వెళ్ళింది. నన్ను పిలవలేదు. ల్యాబ్‌లో కూర్చుని రికార్డులు దిద్దాను. మధ్యాహ్నం భోజనానికి పూతరేకులు పెట్టారట, స్టాఫ్ రూముకి రెండు పంపించారు. తిన్నాను, ఎందుకు మానాలి?

కొట్టువాడి రెండు నిమిషాల ముక్క డెబ్భై వేలు. నా ఆరు నిమిషాలు మూడు వందల పన్నెండు.

భయంగా ఉంది. ఆ మూడు వందల పన్నెండులో సున్నం బస్తా కొనుక్కున్నవాళ్ళు ఎంతమంది? మిగతావాళ్ళకి ఎవరు చెప్తారు? నాగదుర్గ ఈ వారమంతా రాలేదు. ఉద్యోగం పోతే పోయిందని ఈయనతో పెద్ద ధీమాగా అన్నాను గానీ, పోకూడదనే ఉంది నాకు. ఆ పిల్ల రావాలని అంతకంటే ఎక్కువగా ఉంది.

సెప్టెంబరు 1, సోమవారం

వచ్చింది.

రెండు గంటల ప్రాక్టికల్. హాజరు పిలుస్తూ అలవాటుగా ఆ పేరు దగ్గర గొంతు తగ్గించాను. "ప్రెజెంట్ మేడమ్" అని వెనక బెంచీ నుంచి వినపడింది. పుస్తకంలో తల పెట్టుకుని కాసేపు ఎత్తలేదు.

క్లాసు అయ్యాక రికార్డు పట్టుకుని టేబుల్ దగ్గరికి వచ్చింది. "నాన్నే దింపి వెళ్ళారు మేడమ్. చిన్నాన్న కూడా వీడియో చూశాడు. మాటలాపేశాడు." తర్వాత ఆ పేజీ తీసి నా ముందు పెట్టింది. "ఇది కొట్టేయాలి మేడమ్. సంతకం అయిన పేజీ మేం కొట్టేస్తే మార్కులు పోతాయి. మీరే కొట్టేయాలి."

ఎర్ర పెన్ను తీసి ఆ గమనిక మీద గీత పెట్టాను. నా టిక్కు మీద, నా పాత సంతకం మీద కూడా పెట్టాను. కింద రాశాను. "సున్నం తెల్లవారుజామున వేయాలి. ముందు నీటి పరీక్ష. పై గమనిక నా తప్పు." సంతకం, తేదీ.

నాగదుర్గ రికార్డు తీసుకోలేదు. పేజీ వైపు చూస్తూ అలాగే నిలబడింది.

"ఈసారి చదివి పెట్టారా మేడమ్?"

"చదివాను" అన్నాను. రికార్డు మళ్ళీ నా వైపు తిప్పుకుని, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. ఆ పిల్ల స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. నేను రోజూ ఇంటికెళ్ళే నాలుగూ యాభై రైలు వెళ్ళిపోయింది.